తాళం వేసిన పూత

"ఒక్కసారి నోట్లో వేసుకుంటే చచ్చేదాకా పనిచేస్తుంది. మీ మందుకున్న జబ్బు అదొక్కటే మేడమ్" అన్నాడు నిఖిలేష్.

డాక్టర్ సూరాడ పుణ్యవతి అతను జోకు వేశాడనుకుంది. డైరెక్టర్ విశ్వపతి వైపు చూసింది. ఆయన నవ్వడం లేదు. అంటే జోకు కాదు.

విశాఖ తీరంలో ఉన్న ఆ ప్రభుత్వ పరిశోధన కేంద్రానికి తరళ బయోకేర్ కంపెనీ మనిషి రావడం అదే మొదటిసారి. చొక్కా నలగకుండా, గొంతు పెంచకుండా మాట్లాడుతున్నాడు. అలాంటివాళ్లంటే పుణ్యవతికి భయం.

"మందు నయం చెయ్యడానికే కదండీ" అంది.

"నయం చేస్తే ఒకసారి కొంటారు. మీది అంతకంటే అన్యాయం. ఒకరు కొంటే ఇంటిల్లిపాదికీ వచ్చేస్తుంది. ఒకే గ్లాసులో నీళ్లు తాగితే వస్తుంది. తల్లి కొరికి పెడితే పిల్లకి వస్తుంది. ఊరికి ఒక సీసా అమ్ముకుని మేం ఫ్యాక్టరీ తలుపులు వేసుకోవాలి."

పుణ్యవతి ఫైలు లోంచి ఒక ఫోటో తీసి అతని ముందు పెట్టింది. తెరిచిన నోరు. పైన అంగిలి, చంటిపిల్లల నోట్లోలా గులాబీ రంగులో, నున్నగా.

"ఇది ఎవరి నోరో చెప్పండి."

"ఏ పదేళ్ల పిల్లదో."

"మా మేనత్త కాములమ్మది. పెళ్లి కాకముందు నుంచీ అడ్డపొగ తాగుతోంది. రోజంతా చుట్ట వెలిగి ఉన్న కొన నోటి లోపలే ఉంటుంది."

నిఖిలేష్ ఫోటోని దగ్గరగా తీసుకుని చూశాడు. మొదటిసారి అతని ముఖంలో లెక్క కానిదేదో కనిపించి మాయమైంది.

శ్రీకాకుళం తీరంలో బొర్రమ్మపేట. అక్కడ ఆడవాళ్లు చుట్టని తిరగేసి తాగుతారు. రెండు చేతులూ చేపల గంపలో ఉంటాయి, సముద్రపు గాలికి నిప్పు నిలవదు. అందుకే నిప్పుని నోట్లో దాచుకుంటారు. కొన్నేళ్లకి అంగిలి మీద తెల్లమచ్చ వస్తుంది. కొందరిలో ఆ మచ్చ పుండవుతుంది. పుణ్యవతి అమ్మ ఆ పుండుతోనే పోయింది. అత్త కాములమ్మకి మాత్రం ఏమీ కాలేదు. ఎందుకు కాలేదు?

ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. పరిశోధన కేంద్రం, ఒక వైద్య కళాశాల, బొర్రమ్మపేట మత్స్యకార మహిళా సంఘం, మూడూ కలిసి పనిచేశాయి. ఊరి ఆడవాళ్లు ఏళ్ల తరబడి ప్రతి నెలా నోళ్లు తెరిచి నమూనాలిచ్చారు. చివరికి జవాబు దొరికింది. కాములమ్మ అంగిలి మీద ఒక సూక్ష్మజీవి కాపురముంటోంది. కాలిన కణాలని తిని, పల్చటి పొరని విసర్జిస్తుంది. గంజి మీద మీగడలాంటి పొర. నిప్పు సెగ ఆ పొర దాటి లోపలికి వెళ్లదు. ఊళ్లో మరో నలుగురైదుగురు ముసలివాళ్ల నోళ్లలోనూ అది కనిపించింది. మిగతావాళ్ల నోళ్లలో దానంతటది నిలవలేదు. ఆడవాళ్లు దానికి పూత అని పేరు పెట్టారు. పుణ్యవతి దాన్ని బయట పెంచి, ఏ నోట్లోనైనా బతికేలా తీర్చిదిద్దింది.

"పొగ మానెయ్యమని చెప్తే సరిపోయేది కదా, ఇంత శ్రమ లేకుండా" అన్నాడు నిఖిలేష్.

"మా అమ్మ దగ్గర మొదలుపెట్టి అందరికీ చెప్పాను. మీరూ ఓసారి వచ్చి చెప్పి చూడండి. చేపల గంప మీ నెత్తిన పెట్టి పంపిస్తారు."

విశ్వపతి గొంతు సవరించుకున్నాడు. "పుణ్యవతి గారూ, మార్చితో నిధులు ఆగిపోతున్నాయి. ఢిల్లీ వాళ్లు ఒకటే అడుగుతున్నారు. పేపర్లు చాలు, బజార్లోకి వచ్చే వస్తువేదీ అని. కంపెనీ చెయ్యి వెయ్యకపోతే మీ పూత మన ఫ్రీజర్లో గడ్డకట్టి ఉంటుంది. ఇంకో సంగతి. ప్రాణమున్న క్రిమిని జనం నోళ్లలో వదుల్తున్నాం. ఏదైనా తేడా వస్తే ఆపే దారి ఉండాలని భద్రతా కమిటీ అడుగుతోంది."

"అదే నేనూ అంటున్నాను" అన్నాడు నిఖిలేష్. "ఆపే దారి కమిటీకి కావాలి. ఆ దారినే మేం అమ్ముకుంటాం."

*

తాళం వెయ్యడం కష్టం కాలేదు. అదే పుణ్యవతికి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

పూత తన ఆహారంలో ఒక పదార్థాన్ని తానే తయారుచేసుకుంటుంది. ఆ శక్తిని ఆమె తీసేసింది. ఇప్పుడు ఆ పదార్థాన్ని బయటి నుంచి అందించాలి. వారానికో బిళ్ళ నోట్లో వేసుకుని చప్పరిస్తే పూత బతుకుతుంది. మానేస్తే కొన్ని వారాల్లో చస్తుంది. కమిటీ సంతోషించింది. కంపెనీ ఇంకా సంతోషించింది.

నిఖిలేష్ ఇంకొకటి అడిగాడు. "నోట్లో వేల రకాల క్రిములుంటాయి. మనది వాటి మధ్య ఓడిపోకూడదు. గట్టిగా పాతుకోవాలి."

అది కూడా చేసింది. కొత్త పూత అంగిలిని పట్టుకుందంటే పక్కనున్న దేన్నీ నిలవనివ్వదు. గాజు పలకల మీద ఆ యుద్ధం చూసి ల్యాబ్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. పుణ్యవతి కూడా కొట్టింది.

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అసలు పూత మీదా, తాళం పూత మీదా హక్కులు తరళ బయోకేర్‌వి. ఫ్రీజర్లో ఉన్న అసలు పూత సీసాలన్నీ కంపెనీ వ్యాను ఎక్కి హైదరాబాదు వెళ్లిపోయాయి. వ్యాను గేటు దాటుతుంటే విశ్వపతి అన్నాడు, "ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టుంది కదండీ."

ఆయనకి ఇద్దరూ కొడుకులే.

*

"నోరు తెరు అత్తా."

"తెరిత్తే ఈగలు దూరతాయే. ముందు నువ్వు సెప్పు, పొద్దున్నేటి తిన్నావు?"

బొర్రమ్మపేట ఇసుకలో చేపలు ఎండబెట్టే చోట ఆడవాళ్లు గుంపుగా కూర్చున్నారు. తాళం పూతని మనుషుల మీద పరీక్షించడానికి పాతికమందిని ఎంచుకున్నారు. అందులో కాములమ్మ కోడలు దేముడమ్మ ఒకతె. ఆమె అంగిలి మీద బఠాణీ గింజంత మచ్చ ఉంది, అంచు గరుకెక్కుతోంది.

"నువ్వు వద్దత్తా. నీకు సొంతది ఉంది" అంది పుణ్యవతి.

"సూసినారా? నా నోట్లోది తీసుకెళ్లి ఊరంతా పంచి, నాకు మాత్రం లేదంటన్నాది మా మేనగోడలు గుంట" అంది కాములమ్మ. అందరూ నవ్వారు.

కొత్త పూత పరీక్షలో లేనివాళ్లకి అంటకూడదు. ఆ ప్రశ్న పుణ్యవతే అడిగింది. "ఒకరి కంచంలో ఒకరు తింటారా? ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగుతారా? ఎంగిలి చేస్తారా?"

"ఎంగిలా?" దేముడమ్మ ముఖం ముడుచుకుంది. "మేమేటి కుక్కలమేటక్కా, ఒకల ఎంగిలి ఒకలు తినడానికి? గ్లాసు ఎత్తి పోసుకుంటాం. కంచాలు ఎవలివి ఆలవే."

"సదువుకుని ఇల్లు మర్సిపోనాదిది" అంది కాములమ్మ. "మీ అమ్మ బతికున్నన్నాళ్లూ నా కంచం ముట్టిందేటి?"

నిజమే. పుణ్యవతి అక్కడే పెరిగింది. ఎంగిలి అంటే ఆ ఊళ్లో ఎంత పట్టింపో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. 'లేదు' అని రాసుకుంది.

పూత వేసుకున్న నెలకి దేముడమ్మ మచ్చ అంచు మెత్తబడింది. తర్వాత చిన్నదైంది. ఆ తర్వాత టార్చి వేసి వెతకాల్సి వచ్చింది. దేముడమ్మ మొగుడు లక్కన్న సముద్రం మీద నుంచి రాగానే పుణ్యవతికి పెద్ద వంజరం తెచ్చి ఇచ్చాడు. "మా ఇంట్లో దీపం నిలబెట్టినావు" అన్నాడు.

హైదరాబాదులో పెద్ద సభ జరిగింది. మంత్రిగారు బిళ్ళల పెట్టె మీది రిబ్బను కత్తిరించారు. పెట్టె మీద పేరు ఓరాకవచ్. ప్రజల డబ్బుతో పుట్టి ప్రజల దగ్గరికి చేరిన ఆవిష్కరణ అని పేపర్లు రాశాయి. సభకి బొర్రమ్మపేట నుంచి ఎవరినీ పిలవలేదు. చేపల వాసన అని ఎవరో అన్నారట, పుణ్యవతి చెవిన పడింది. అన్నవాడెవడో తెలియలేదు.

పరీక్ష ముగిసింది. ఉచితంగా వచ్చే బిళ్ళలూ ఆగిపోయాయి. సంఘం ఒప్పందంలో 'ముందు మీ ఊరికే' అన్న మాట ఉంది. కంపెనీ ఆ మాట నిలబెట్టుకుంది. బొర్రమ్మపేట కిరాణా కొట్టుకి అందరికంటే ముందు ఓరాకవచ్ పెట్టెలు వచ్చాయి. ధర చూసి ఆడవాళ్లు పెట్టె తిప్పి మళ్లీ అక్కడే పెట్టేశారు. లక్కన్న ఒక్కడే వారం వారం కొన్నాడు. పెళ్లాం మచ్చ అతను చూసినవాడు.

*

"పులుసు మండుతోందే" అంది కాములమ్మ.

పుణ్యవతి ముద్ద కలుపుతూ ఆగిపోయింది. అత్త పచ్చిమిరపకాయ నంజుకుని గంజి తాగే మనిషి.

"ఎప్పట్నుంచి?"

"పండగ అయిన కాణ్నించీ. ముసిల్దాన్నయిపోనాను గావాల."

"నోరు తెరు."

ఈసారి కాములమ్మ ఈగల మాట ఎత్తలేదు. పుణ్యవతి టార్చి వేసింది. గులాబీ రంగు నున్నటి అంగిలి లేదు. పాలమీగడ అతికించినట్టు తెల్లమచ్చ ఉంది, మధ్యలో ఎర్రటి చుక్కలు.

అలాంటి చుక్కలు ఆమె ఇదివరకు అమ్మ నోట్లో చూసింది.

దూది పుల్లతో నమూనా తీసుకుంది. అత్త కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి.

"ఏటే?"

"ఏం లేదత్తా. చూస్తాను."

"ఏం లేకపోతే అన్నం మానీసి లెగిసిపోతావేటి?"

ల్యాబ్‌లో ఫలితం రెండుసార్లు చూసింది. మూడోసారి వేరే మనిషి చేత చూపించింది. కాములమ్మ నోట్లో అసలు పూత లేదు. పుట్టినప్పటి నుంచో, ఎప్పటి నుంచో ఉన్నది, ఇప్పుడు లేదు. దాని చోట తాళం పూత ఆనవాళ్లున్నాయి. అవి కూడా చచ్చినవి.

అత్తకి తాళం పూత ఎవరూ వెయ్యలేదు. ఎలా వచ్చింది?

మర్నాడు మళ్లీ వెళ్లి తన పరికరాల పెట్టె కింద పెట్టకుండా ఇసుకలో నిలబడి చూసింది. ఆడవాళ్లు కవ్వళ్ల చేపల్ని గంపల్లోంచి తీసి పరుస్తున్నారు. దేముడమ్మ చేతులు మోచేతుల దాకా తడి. ఆమె తల ఎత్తి "అత్తా" అంది. కాములమ్మ తన నోట్లో చుట్ట తీసి, నిప్పు కొన లోపలికి వెళ్లేలా కోడలి నోట్లో పెట్టింది. దేముడమ్మ నాలుగు దమ్ములు లాగింది. చుట్ట మళ్లీ అత్త నోట్లోకి వచ్చింది. అక్కణ్నించి పక్కనున్న ఎర్రమ్మ నోట్లోకి. నిప్పు వెనక ఆకు ఉమ్మితో నల్లగా తడిసి ఉంది.

పుణ్యవతి పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న దృశ్యమది.

"అత్తా! ఎంగిలి చెయ్యమన్నారు కదే!"

"సెయ్యం."

"మరి ఇదేంటి?"

"ఇదేటి? సుట్ట."

"దాని నోట్లోది నీ నోట్లో పెట్టుకున్నావు!"

కాములమ్మ ఆమె వైపు జాలిగా చూసింది. "నిప్పుకి ఎంగిలేటే? నిప్పుకి ఎంగిలంటితే గుళ్లో హారతి ఎలాగిత్తారు?"

పుణ్యవతి తాను రాసుకున్న 'లేదు' అన్న జవాబు గుర్తుచేసుకుంది. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ప్రశ్న రాసినప్పుడు ఆమెకి కంచం గుర్తొచ్చింది, గ్లాసు గుర్తొచ్చింది. చుట్ట గుర్తు రాలేదు. ఊరి బయట పుట్టిన వాళ్లెవరైనా ఆ ప్రశ్న రాసి ఉంటే మొదట చుట్ట గురించే అడిగేవాళ్లు. ఆమె ఆ ఊరి పిల్ల. ఆమెకీ నిప్పుకి ఎంగిలి లేదు.

పరీక్ష జరిగినన్నాళ్లూ కోడలి నోటి నుంచి చుట్టతో పాటు తాళం పూత అత్త నోట్లోకి వెళ్లింది. పాతుకుంది. అసలు పూతని తరిమేసింది. అత్త బిళ్ళలు వేసుకోదు గనక చివరికి అది కూడా ఆకలికి చచ్చింది. ఇప్పుడు ఆ అంగిలి మీద ఏమీ లేదు, నిప్పు తప్ప.

సాయంత్రం లోపల మిగతా ముసలివాళ్ల నోళ్లు కూడా చూసింది. ఒక్కరి దగ్గర కూడా అసలు పూత మిగల్లేదు.

*

"జీవితాంతం ఉచితం" అన్నాడు నిఖిలేష్. ఈసారి అతని ముఖం డైరెక్టర్ గది గోడ మీది తెర మీద ఉంది. "కాములమ్మగారికి వారం వారం బిళ్ళలు మేమే ఇంటికి పంపిస్తాం. కంపెనీ తరఫున గౌరవంగా. దీని గురించి బయట మాట్లాడకపోతే చాలు."

"మిగతావాళ్లకి?"

"మిగతావాళ్ల నోట్లో పూత ఉండేదని రుజువులున్నాయా?"

"నా దగ్గరున్నాయి."

"అంటే మా దగ్గరున్నాయి మేడమ్. ఆ నమూనాలూ ఒప్పందంలోవే."

తెర ఆరిపోయింది. విశ్వపతి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

"అసలు పూత ఒక్క సీసా చాలు సార్" అంది పుణ్యవతి. "ప్రపంచంలో ఇప్పుడు అది వాళ్ల ఖజానాలో తప్ప ఎక్కడా లేదు. అది మా అత్త నోట్లోంచి తీసిందే."

"పరిశోధన కోసమైతే తెప్పించుకునే హక్కు మనకుంది. చికిత్స కోసం లేదు." ఆగి అడిగాడు. "మీకెందుకు కావాలి?"

"మా అత్తకి."

"నాకు సరిగ్గా వినపడలేదు. ఎందుకు కావాలి?"

పుణ్యవతి ఆయన కళ్లలోకి చూసింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"పరిశోధనకి" అంది.

"అలా చెప్పండి. పంపమని అడుగుతాను. కానీ ఈ గది దాటాక నేను మిమ్మల్ని కాపాడలేను. ఉద్యోగం పోతే పోయిందనుకుంటారు. కేసు కూడా పెడతారు."

"తెలుసు సార్."

"తెలిసి చేస్తున్నారంటే మీరే నయం" అన్నాడు విశ్వపతి. "నేనూ తెలిసే ఆ ఒప్పందం మీద సంతకం పెట్టాను."

*

దూది పుల్లతో అంగిలి మీద రాస్తుంటే కాములమ్మ ముఖం చిట్లించింది.

"నాదే నాకు తెచ్చి ఇచ్చినావేటే? దీనికీ ఏలిముద్ర ఎయ్యాలా?"

"నవ్వకత్తా, కదులుతోంది."

"మీ అమ్మకి కూడా ఇలాగే అయినాదా?"

పుణ్యవతి పుల్లని సీసాలో వేసి మూత బిగించింది. "మొదట్లో ఇలాగే ఉండేది. ఇది పడితే తగ్గుతుంది. పడాలంటే ఒక్క మాట వినాలి. దేముడమ్మ నోటి నుంచి, దానితో చుట్ట పంచుకునే ఎవరి నోటి నుంచీ చుట్ట తీసుకోకూడదు. దాని నోట్లో ఇంకా బిళ్ళ పూత ఉంది. ఒక్కసారి నీ నోట్లోకి వస్తే దీన్ని తరిమేస్తుంది."

గుమ్మంలో నిలబడ్డ దేముడమ్మ అంతా విన్నది. "అంటే నా నోరు ఇసమా అక్కా?"

"అలా కాదు."

"మరెలాగ?"

"రెండూ ఒకచోట బతకవు. నువ్వు బిళ్ళ మానేస్తే నీలోది కొన్ని వారాలకి చస్తుంది. కానీ నీ మచ్చని ఆపుతున్నది అదే. మానకు. మచ్చ మళ్లీ లేస్తుంది."

దేముడమ్మ గుమ్మంలోంచి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కాములమ్మ ఇసుకలో విడిగా కూర్చుంది. తన గంప, తన చుట్ట, తన అగ్గిపెట్టె. గాలికి పుల్లలు ఆరిపోతుంటే వీపు తిప్పుకుని మళ్లీ గీసేది. మొదటి రోజు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఎర్రమ్మ మొదలుపెట్టింది.

"ఒలే కాములూ, డాట్రమ్మకి మేనత్తవైపోనావని మాకాడ నిప్పు పనికి రాదేటి?"

"పనికి రాదనలేదే. కొన్నాళ్లు ఆగమంటన్నాది."

"మా నోళ్లు ఎంగిలైపోనాయి గావాల. మీ నోరు దేవుడి గది."

కాములమ్మ ఇంకో పుల్ల గీసింది. ఊళ్లో ఒకరి చేతి నిప్పు ఇంకొకరు కాదనడం ఆడవాళ్లెవరూ ఎరగరు. తగువు పడ్డ తోడికోడళ్లు కూడా మాటలు మానేసేవాళ్లు గాని చుట్ట మానేవాళ్లు కాదు. ఇప్పుడు ఇంట్లో అత్తా కోడళ్లు రెండు పొయ్యిల వాళ్లలా తిరుగుతున్నారు.

పుణ్యవతి వచ్చినప్పుడల్లా అత్త మచ్చ చూసింది. ఎర్ర చుక్కలు ముందు పోయాయి. తర్వాత తెలుపు పల్చబడింది. పూత పట్టింది. ఆమె సంతోషంతో అత్త చెయ్యి పట్టుకుంటే కాములమ్మ చెయ్యి విడిపించుకుంది.

"బాగున్నాదిలే. ఊరవతల కూకోబెట్టినావు, బాగోక ఏటౌతాది?"

*

నిఖిలేష్ ఫోన్ చేశాడు. గొంతులో కొత్తగా ఏమీ లేదు.

"మేడమ్, చిన్న విషయం. బొర్రమ్మపేట కొట్లో మా బిళ్ళల అమ్మకం ఆగిపోయింది. చిన్న ఊరే, కానీ అది మా మొదటి ఊరు కదా. ఎందుకో కనుక్కుంటారా?"

ఆ ఊళ్లో బిళ్ళ కొంటున్నది లక్కన్న ఒక్కడే.

ఆమె వెళ్లేసరికి మధ్యాహ్నం ఎండలో ఆడవాళ్లంతా ఒకే గుంపుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో కాములమ్మ. విడిగా ఎవరూ లేరు. పుణ్యవతికి మొదట కోపం వచ్చింది.

"అత్తా! నీకేం చెప్పాను?"

"అరవకే. ఇంకా ఎవలి నోటికాడ ఏటీ తీసుకోలేదు. నీ కోసమే కూకున్నాం. నీ కాయితాలు తెచ్చినావా?"

తాళం పూత తగిలితే ఊదారంగుకి తిరిగే కాగితపు పట్టీలు ఆమె పెట్టెలో ఎప్పుడూ ఉంటాయి. కాములమ్మ ఆ సంగతి మర్చిపోలేదు.

"మా నోళ్లు కాలీ అయినాయో లేదో సూడక్కా" అంది దేముడమ్మ. "ముందు నాది."

"నువ్వు బిళ్ళ మానేశావా? ఎప్పుడు?"

"అత్త ఆ మూల కూకున్న కాణ్నించీ. మీ మరిదికి సెప్పలేదు. ఆయన కొని తెచ్చినవి పెట్టెలో ఉన్నాయి. మొన్న సూసీసినాడు. కొనడం మానీసినాడు. నాతో మాటలు కూడా మానీసినాడు."

"నోరు తెరు" అంది పుణ్యవతి.

పట్టీ తెల్లగానే ఉంది. తాళం పూత చచ్చిపోయింది. టార్చి వేసి చూసింది. మచ్చ తిరిగి వచ్చింది. ముందున్న దానికంటే పెద్దది. అంచులు ఎర్రగా ఉన్నాయి, ఒకచోట చర్మం చిట్లింది.

"ఏం పని చేశావు దేముడమ్మా? మానొద్దని చెప్పాను కదా! ఇప్పుడే పద, ఆస్పత్రికి వెళ్దాం. బిళ్ళ మళ్లీ మొదలుపెట్టు."

"ఎల్తాను. ఆస్పత్రికి ఎల్తాను, నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి ఒత్తాను. బిళ్ళ మాత్రం ఏసుకోను."

"ఎందుకు?"

"వానల్లో పడవలు కదలవు. అప్పుడేటి పెట్టి కొంటాడు? కొట్టోడు సరుకు రాలేదంటే ఆ వారం నా నోరేటౌతాది? నేనెన్నాళ్లు బతకాలో ఆ పెట్టె మీద రాసుంటాదేటి?" ఆమె అత్త వైపు చూసింది. "నాలో బిళ్ళ ఉన్నన్నాళ్లూ ఈవిడ మూలనే కూకోవాల. నా సేతులు సేపల్లో ఉంటే నాకు నిప్పెవలిత్తారు?"

"చుట్టతో వచ్చే అత్త పూత ఈ పుండు మీద పడుతుందో లేదో తెలీదు. పట్టినా వారాలు పడుతుంది. ఈ మచ్చ అన్నాళ్లు ఆగకపోవచ్చు. అసలు నువ్వు ఇప్పుడు చుట్టే ముట్టుకోకూడదు. ఆగు, దూదితో నేను రాస్తాను."

"నువ్వు రాత్తే నీ ఉజ్జోగం పోతాదంట కదా" అంది కాములమ్మ. "ఆ డైరెట్రుగారు సెప్పినాడన్నావు. మేం సుట్ట తాగితే ఎవలి ఉజ్జోగం పోతాది?"

ఎర్రమ్మ పకపకా నవ్వింది. "కేసెట్టమను. సుట్ట మీదెట్టాల కేసు."

పుణ్యవతి మిగతావాళ్ల నోళ్లు కూడా చూసింది. పట్టీలన్నీ తెల్లగానే ఉన్నాయి. ఇద్దరి అంగిళ్ల మీద కొత్త మచ్చలు మొదలవుతున్నాయి. వాళ్లకి చెప్పింది. వాళ్లు తలూపారు, అదీ తెలిసినట్టే.

ఫోన్ మోగింది. నిఖిలేష్. ఆమె తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"కనుక్కున్నారా మేడమ్?"

"కనుక్కున్నాను. బిళ్ళలు మానేశారు."

"కారణం?"

కాములమ్మ చుట్ట వెలిగించింది. గాలికి రెండు పుల్లలు ఆరిపోయాయి, మూడోది అంటుకుంది. నిప్పు కొనని నోట్లోకి తిప్పుకుని కళ్లు మూసుకుని చాలాసేపు లాగింది. ఆకు బాగా తడిసేదాకా.

"మేడమ్, వింటున్నారా? అసలు పూత సీసా ఒకటి మీ దగ్గరికి వచ్చింది కదా. పరిశోధన రిపోర్టు ఎప్పుడు పంపుతారు?"

"పరిశోధన ఇప్పుడే మొదలవుతోంది" అంది పుణ్యవతి. ఫోన్ ఆపేసి పెట్టెలో పడేసింది.

కాములమ్మ చుట్ట తీసి కోడలి నోట్లో పెట్టింది. సెగ మచ్చకి తగలగానే దేముడమ్మ భుజాలు బిగుసుకున్నాయి. కళ్ల నుంచి నీళ్లు కారాయి. తడి చేతులు గంపలోంచి తియ్యలేదు. పెదాలు గట్టిగా మూసింది.

"చాలు" అంది పుణ్యవతి. "చాలు, తీసెయ్. నోరు తెరు, చూడనీ."

దేముడమ్మ తల అడ్డంగా ఊపింది. ఇంకో దమ్ము లాగింది.